మంచులో మూడు నిమిషాలు

మా మేడమ్ పోయారన్న సంగతి మంగళవారం పొద్దున ఆఫీసులో కాఫీ కలుపుకుంటుండగా తెలిసింది. కాలేజీ రోజుల్లో మేం పెట్టుకున్న శనివారం క్లాసు వాట్సాప్ గ్రూపు ఒకటుంది. పండగ శుభాకాంక్షలకు తప్ప అది మోగి రెండేళ్ళు దాటింది. ఆ పొద్దున అందులో ఎవరో ఒక ఫోటో పెట్టారు. కాలేజీ వెబ్‌సైట్‌లో వచ్చిన ప్రకటన అది. మొత్తం నాలుగు లైన్లు. మా కాలేజీలో అనేక సంవత్సరాలు పార్ట్ టైమ్ ఇన్‌స్ట్రక్టర్‌గా సేవలందించిన ఫలానా ఆమె మరణించారని తెలియజేయడానికి విచారిస్తున్నాం అని మొదలై, కుటుంబ సభ్యులకు మా సానుభూతి అని ముగిసింది. ఆమె చెప్పిన సబ్జెక్టు పేరు కూడా అందులో లేదు.

నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. పార్ట్ టైమ్ అట. ఆమె ఏ పనైనా సగం చేసి వదిలేయగా నేను చూడలేదు. కాఫీ అక్కడే వదిలేసి వాష్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు. ఈ నాలుగు మాటలు రాస్తున్నది ఆ నాలుగు లైన్లకు జవాబుగానే అనుకోండి.

మేడమ్‌ది కడప జిల్లా. ముప్పయ్యేళ్ళ కిందట ఈ కెనడాకి వచ్చి, మధ్యయుగాల ఐరోపాలో మతమూ రాజ్యాలూ ఒకదాన్నొకటి ఎలా పెంచుకున్నాయన్న దాని మీద డాక్టరేట్ చేశారు. పర్మనెంట్ ఉద్యోగం ఎక్కడా రాలేదు. కిచెనర్ చుట్టుపక్కల మూడు కాలేజీల్లో, సెమిస్టర్‌కో కాంట్రాక్టు మీద, బస్సులు మారుతూ పాఠం చెప్పారు. కడప మనిషికి రోములో పోపుల గొడవ ఎందుకని మనవాళ్ళు పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో తరచూ అడిగేవారట. ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే. "వాళ్ళు వచ్చి మన చరిత్ర రాసి మనకే చెప్పినారు కదా. నేను వాళ్ళది చదివి వాళ్ళకు చెప్తాండాను. అందులో వింతేముంది?"

మేం ఆమె క్లాసులో చేరింది చరిత్ర మీద ప్రేమతో కాదు. విమానాల నిండా స్టూడెంట్లు దిగుతున్న సంవత్సరాలవి. నేను ఖమ్మం నుంచి వచ్చి సప్లై చైన్‌లో డిప్లొమా చేస్తున్నాను. డిప్లొమా చేతికి రావాలంటే మన కోర్సుతో సంబంధం లేని సబ్జెక్టు ఒకటి తప్పనిసరిగా చదవాలని రూలు. సీనియర్లు తేలికని చెప్పిన సబ్జెక్టులన్నీ రిజిస్ట్రేషన్ తెరిచిన పది నిమిషాల్లో నిండిపోయాయి. మిగిలింది ఇదొక్కటే, అదీ శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి. క్లాసులో సగం మంది తెలుగువాళ్ళం, తక్కిన సగంలో ఎక్కువమంది పంజాబీలు. శుక్రవారం షిఫ్టు చేసి వచ్చిన కళ్ళతో అందరం కూర్చున్నాం.

మేడమ్ లోపలికి వచ్చారు. పొట్టి మనిషి. మోకాళ్ళ దాకా మగవాళ్ళ చలికోటు, చేతిలో జిప్పున్న పాత బియ్యం సంచి. ఆమె పుస్తకాలన్నీ ఎప్పుడూ ఆ సంచిలోనే ఉండేవి. వేరే సెక్షన్లు దొరక్క ఇక్కడికి వచ్చిన వాళ్ళు ఎంతమందని అడిగారు. మేం ఒకరి మొహం ఒకరం చూసుకుని, నెమ్మదిగా అందరం చేతులెత్తాం. ఆమె కూడా తన చెయ్యి ఎత్తారు. ఆమె మంగళవారం మధ్యాహ్నం క్లాసు కావాలని అడిగితే ఈ శనివారం పొద్దుటిది ఇచ్చారట. చరిత్రలో చాలామంది రాజులు కూడా ఇట్లాగే వచ్చారని, వేరేవాళ్ళు దొరక్క వాళ్ళను కూర్చోబెట్టారని చెప్పి పాఠం మొదలుపెట్టారు.

ఆమె పాఠం ఎప్పుడూ ఒక ప్రశ్నతో మొదలయ్యేది. కిరీటం ఎవరు పెట్టుకున్నారని కాదు, ఎవరు పెట్టారని. క్రిస్మస్ రోజున రోము నగరంలో ఒక ఫ్రాంకుల రాజు ప్రార్థనలో ఉండగా పోపు వచ్చి తల మీద కిరీటం పెట్టిన కథ చెప్పి, ఆ రాజు మొహం ఆ క్షణంలో ఎట్లా ఉండి ఉంటుందో ఊహించి రాయమన్నారు. సంతోషంగా ఉందని రాసిన వాళ్ళకి సగం మార్కులు కోసేశారు. పెట్టగలిగిన చెయ్యి తీయనూ గలదని ఆ రాజుకి తోచలేదా అని అడిగారు. బిషప్పు రాజు తలకు పవిత్ర తైలం రాసే తంతు గురించి చెప్పినరోజు నేను చెయ్యెత్తి, ఇది మన పట్టాభిషేకం లాంటిదే కదా మేడమ్ అన్నాను. "లాంటిదే అంటే నీకు చదివే పని తప్పిపోతుంది పాపా. ఏ విషయంలో లాంటిది కాదో వచ్చే వారం చెప్పు" అన్నారు. ఆ వారమంతా పని చేసే కాఫీ షాపులో కప్పులు సర్దుతూ దాని గురించే ఆలోచించాను.

జనవరిలో ఒక శనివారం మమ్మల్ని కోట్లు వేసుకోమని పార్కింగ్ లాట్‌లోకి తీసుకెళ్ళారు. సన్నగా మంచు పడుతోంది. ఒక జర్మన్ రాజు పోపుతో తగాదా పెట్టుకున్నాడట. పోపు అతన్ని మతం నుంచి వెలివేసి, ఈ రాజుకి మీరిచ్చిన మాట ఇక చెల్లదని ప్రజలకు చెప్పాడు. కత్తులూ గుర్రాలూ ఉన్నవాడికి ఒక్క మాటతో కాళ్ళ కింద నేల లేకుండా పోయింది. అప్పుడతను ఆల్ప్స్ కొండలు దాటి, పోపు దిగిన కోట ముందు చలికాలంలో మూడు రోజులు నిలబడ్డాడు. చెప్పులు కూడా లేకుండా అని రాసిపెట్టారు. మీరు మూడు నిమిషాలు నిలబడండి, బూట్లు విప్పక్కర్లేదు అన్నారు మేడమ్. చేతిగడియారం చూసుకుంటూ ఆమె కూడా మాతో నిలబడ్డారు. నిమిషానికే మాలో ఒకడు, నాకు అర్థమైపోయింది మేడమ్, లోపలికి పోదాం అన్నాడు. ఆమె వినలేదు.

మూడో నిమిషం అయ్యాక, ఇందులో గెలిచిందెవరు అని అడిగారు. అందరం పోపు అన్నాం. రాజు వెలి తీయించుకుని ఇంటికి పోయాడని, రాజ్యం నిలబెట్టుకున్నాడని, కొన్నేళ్ళకు అదే పోపు రోము వదిలి వెళ్ళిపోవాల్సి వచ్చి ఎక్కడో పరాయి ఊళ్ళో చనిపోయాడని చెప్పారు. అయితే రాజే గెలిచాడా అంటే దానికీ ఒప్పుకోలేదు. "ఎవరు గెలిచినారో నాకూ తెలీదు. వాడు ఊరికే నిలబడలేదు, ఎందుకు నిలబడినాడో వాడికి తెలుసు. అంతవరకు రాసుకోండి" అన్నారు. లోపలికి వచ్చి రాసుకుందామంటే వేళ్ళు వంగలేదు.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. మిడ్‌టర్మ్ పరీక్ష కంప్యూటర్ ల్యాబ్‌లో టైప్ చేయాలి, పుస్తకం చూడకూడదు. చర్చి లేకుండా రాజ్యాలు ఎదగగలిగేవా అన్నది ప్రశ్న. నేను ఇంటర్ చదివింది హాస్టలున్న కాలేజీలో. పొద్దున అయిదింటికి లేపి, గోడకి మొహం పెట్టి వరుసగా కూర్చోబెట్టి చదివించేవారు. మాకు చదవడమంటే బట్టీ పట్టడమే. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే ఫుల్ మార్కులు, సొంత మాటలు కలిపితే కోత. అదే భక్తితో మేడమ్ చెప్పిన పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం కామాలతో సహా మింగేసి, ల్యాబ్‌లో కూర్చుని నాలుగు పేజీలు పొల్లు పోకుండా దించేశాను. బయటికి వస్తూ అమ్మకి ఫోన్ చేసి పరీక్ష బ్రహ్మాండంగా రాశానని కూడా చెప్పాను.

మూడో రోజు మెయిల్ వచ్చింది. కాపీని పట్టుకునే సాఫ్ట్‌వేర్ నా జవాబును పుస్తకంతో పోల్చి, నేరుగా పైఆఫీసుకు పంపేసింది. పుస్తకం చూడకూడని పరీక్షలో పుస్తకం ఉన్నదున్నట్టు వచ్చిందంటే ఫోనో చీటీయో దాచి ఉండాలని వాళ్ళ లెక్క. ముగ్గురు సభ్యుల ప్యానెల్ ముందు హాజరు కావాలన్నారు. తప్పు రుజువైతే ఒక సెమిస్టర్ సస్పెన్షన్. సస్పెన్షన్ అంటే స్టడీ పర్మిట్ పోయి ఇంటిదారి పట్టాల్సి రావచ్చని నాలాంటి వాళ్ళెవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. నాతో బేస్‌మెంట్‌లో ఉండే గుంటూరు అక్క, మొదటిసారి కాబట్టి వార్నింగ్‌తో వదిలేస్తారు, ఒప్పేసుకుని సారీ చెప్పమంది. ఆమె ఎరిగినవాళ్ళు ఇద్దరు అట్లాగే బయటపడ్డారట. చెయ్యలేదు కదక్కా అంటే, చేశావో లేదో ఎవడికి కావాలే, పర్మిట్ ముఖ్యం అంది. ఆమె నా మంచికే చెప్పింది, ఈ రోజుకీ ఆమెను తప్పు పట్టను. సారీ లెటర్ టైప్ చేసి పెట్టుకున్నాను కూడా.

అది పంపే ముందు మేడమ్‌కి చూపించాలనిపించింది. కాలేజీ కారిడార్‌లో కాఫీ మెషీన్ పక్కన ఒక గుండ్రటి బల్ల ఉండేది. ఆఫీసు గది లేని ఆమెకు అదే ఆఫీసు. లెటర్ చదివి, కళ్ళద్దాలు తీసి నా వైపు చూశారు.

"కాపీ కొట్టినావా?"

"కొట్టలే మేడమ్. బట్టీ పట్టిన."

"అధ్యాయం అంతా?"

"అంతా."

బియ్యం సంచి జిప్పు తీసి పుస్తకం బయటపెట్టి, ఆ అధ్యాయంలో మూడో పేజీ రెండో పేరా అన్నారు. నేను లేచి నిలబడి, స్కూల్లోలాగా చేతులు కట్టుకుని అప్పజెప్పాను. ఆమె వేలు వాక్యాల మీద నడుస్తూ పోయింది. పేరా అయ్యాక పుస్తకం మూసి, ఇది రాసినాయనకు కూడా ఇంత గుర్తుండదు అన్నారు. నవ్వుతారేమో అనుకున్నాను కానీ ఆమె మొహం ఎర్రబడింది. నా లెటర్‌ను నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చారు.

"చెయ్యని తప్పుకు క్షమాపణ అడగొద్దు. అడిగితే అది చేసినట్టే రాసి పెట్టుకుంటారు. రేపు ఇంకో తెలుగు పిల్ల వస్తే, మీవాళ్ళు ఒప్పుకున్నారు కదా అంటారు."

ప్యానెల్‌కి ఆమె రానక్కర్లేదని డిపార్ట్‌మెంట్ మేనేజర్ ముందే చెప్పాడట. ఆ రోజు బస్సులు ఆలస్యంగా నడిచేంత మంచు కురిసింది. ఆమె బూట్లు దులుపుకుంటూ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నారు. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్నకి నేను నోరు తెరిచేలోపే అనుమతి తీసుకుని మాట్లాడారు. చదువుకోవడానికి మఠాల్లో చేరిన చిన్నపిల్లలు కీర్తనల గ్రంథం మొత్తాన్ని నోటికి నేర్చేవారని, అది రాకపోతే వాళ్ళను చదువుకున్న వాళ్ళుగా లెక్కపెట్టేవారు కాదని చెప్పారు. ఆ మఠాల నుంచి వచ్చిన గుమాస్తాలు లేకపోతే రాజులకు ఒక ఉత్తరం రాసే దిక్కు కూడా ఉండేది కాదన్నారు. మీ విశ్వవిద్యాలయాలు ఆ పునాది మీదనే లేచాయి, ఇప్పుడు అదే పని చేసిన పిల్లను దొంగ అంటున్నారు అని, పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. ఏ పేజీ అయినా తెరవండి అన్నారు.

మధ్యలో కూర్చున్నాయన తటపటాయించాడు. పక్కనున్న ఒకావిడ పుస్తకం తీసుకుని ఆ అధ్యాయంలో ఒకచోట తెరిచి, ఒక వాక్యం మొదలు చదివింది. నేను లేచాను. నా ఇంగ్లిష్ ఖమ్మం ఇంగ్లిషే, దాన్ని దాచుకునే ప్రయత్నం చేయలేదు. చెబుతూ పోయాను. పేజీ తిరిగింది. కాసేపటికి ఆవిడ చాలు, ఇక ఆపవచ్చు అంది. నేను ఆపలేదు. నడుస్తున్న పేరా చివరి దాకా చెప్పి, అప్పుడు కూర్చున్నాను. ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. మేడమ్ మాత్రం బల్ల కింద బూటుతో నా బూటును ఒకసారి తట్టారు.

కాపీ ఆరోపణ కొట్టేశారు. ఆ తర్వాతి శనివారం నేను మైసూర్‌పాక్ డబ్బాతో వెళ్ళాను. ఆమె ఒక ముక్క తిని, మిడ్‌టర్మ్‌లో నాకు సున్నా వేశానని చెప్పారు. అక్కడ నా తరఫున మీరే కదా మాట్లాడారు మేడమ్ అన్నాను.

"దొంగవు కాదని తేలింది. చదివినావని ఇంకా తేలలేదు."

ఇంకో అవకాశం ఇచ్చారు, ఆ గుండ్రటి బల్ల దగ్గరే. పుస్తకం సంచిలో పెట్టి జిప్పు వేసేశారు. అదే ప్రశ్న. ఇంగ్లిష్ రాకపోతే ముందు తెలుగులో ఆలోచించు, కానీ నువ్వు ఆలోచించు అన్నారు. గంటసేపు కాగితం తెల్లగానే ఉంది. పుస్తకంలో వాక్యాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి నా చెయ్యి పట్టుకుంటున్నాయి, నేను విదిలించుకుంటున్నాను. చివరికి ఒకటి రాశాను. రాజు చేతిలో కత్తి ఉంది, కానీ జనం అతని మాట ఎందుకు వినాలో చెప్పేవాళ్ళు లేరు, ఆ చెప్పే పని చర్చి తీసుకుంది, ఊరికే తీసుకోలేదు. అది చదివి మేడమ్ తల ఊపారు. ఆ జవాబుకి నాకు వచ్చినవి అరవై రెండు మార్కులు. నా జీవితంలో నేను నిజంగా సంపాదించుకున్న మార్కులు అవే అని ఇప్పటికీ అనుకుంటాను.

మేం చదవడానికి రాలేదని, వర్క్ పర్మిట్ కోసం వచ్చామని అప్పట్లో పేపర్లలో రాసేవారు, బస్సుల్లో వినబడేలా అనేవారు. అవును, పర్మిట్ కోసమే వచ్చాం. చదువు కూడా వచ్చింది. శనివారం పొద్దున నిద్రమొహాలతో కూర్చున్న ఆ క్లాసు ఊరికే పోలేదు. ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తున్న నేను ఈ రోజుకీ ఏ కాగితం చూసినా, దీని మీద సంతకం ఎవరు పెట్టారు, ఆ హక్కు వాళ్ళకు ఎవరిచ్చారు అని చూస్తాను.

తర్వాతి సెమిస్టర్ టైమ్‌టేబుల్‌లో మేడమ్ పేరు లేదు. ఫోన్ చేసి అడిగితే, రాజులకే మధ్యలో ఖాళీ వస్తుంది పాపా, నాకు రాకూడదా అని నవ్వేశారు. నేను నమ్మాను. పక్క ఊళ్ళో కాలేజీకి పోతున్నానని, బస్సు వెచ్చగా ఉంటుందని చెప్పారు. అసలు సంగతి ఆమె చెల్లెలు చెబితే గానీ నాకు తెలియలేదు. ఆవిడ మిస్సిసాగాలో ఉంటారు. మొన్న శనివారం అంత్యక్రియల హాలులో నన్ను పక్కకు పిలిచి, ఆ అప్పజెప్పిన పిల్లవి నువ్వేనా అని అడిగారు. ప్యానెల్‌కి వెళ్ళొద్దని మేనేజర్ రెండుసార్లు చెప్పాడట. వెళ్ళాక, స్టూడెంట్లు తగ్గారు కాబట్టి ఈసారి కాంట్రాక్టు లేదని మెయిల్ పెట్టారట. ఆ సెమిస్టర్‌లో స్టూడెంట్లు తగ్గలేదు, ఆమె సబ్జెక్టుకే ఇంకో రెండు సెక్షన్లు పెంచారు. నాకు చెప్పొద్దని చెల్లెలి దగ్గర మాట తీసుకున్నారట. ఆ పిల్ల దానికి కూడా సారీ చెబుతుంది అన్నారట.

కాలేజీ తరఫున ఆ మేనేజరే వచ్చాడు. మంచి నల్లకోటు వేసుకుని, వెబ్‌సైట్‌లో ఉన్న నాలుగు లైన్లూ కాగితంలో చూసి చదివాడు. పార్ట్ టైమ్ అన్న మాట కూడా వదల్లేదు. స్టూడెంట్ల తరఫున ఎవరైనా రెండు నిమిషాలు మాట్లాడమంటే మావాళ్ళందరూ నా వైపు చూశారు. అప్పజెప్పడంలో నాకు పేరుంది కదా. నా దగ్గర కాగితం లేదు, బట్టీ పట్టిందీ లేదు. వెళ్ళి నిలబడ్డాను. ఆమె పార్ట్ టైమ్ కాదు అని మొదలుపెట్టాను. మూడు ఊళ్ళ బస్సులు మారి మా దగ్గరికి పూర్తిగా వచ్చేవారని చెప్పాను. ఆమె చెప్పిన సబ్జెక్టు పేరు చెప్పాను. ప్యానెల్ సంగతి, పెరిగిన రెండు సెక్షన్ల సంగతి, అన్నీ ఆ మేనేజర్ వైపే చూస్తూ చెప్పాను. హాలు వాళ్ళ మనిషి పక్కన నిలబడి గడియారం చూపించాడు. నేను మొదలుపెట్టిన వాక్యం పూర్తి చేసే దిగాను. మేడమ్ ఉంటే ఇందులో రెండుచోట్ల మార్కులు కోసేవారే.

బయటికి వచ్చేసరికి మంచు పడుతోంది. ఎవరం ఎవరికీ చెప్పుకోలేదు. మా క్లాసు వాళ్ళం పదిహేనుమంది దాకా ఉంటాం, పార్కింగ్ లాట్‌లో ఒకరి పక్కన ఒకరం ఆగిపోయాం. కాసేపటికి చూస్తే మేం నిలబడింది బయటికి పోయే దారికి అడ్డంగా. మా ముందు ఒక కారు వచ్చి ఆగింది. మేనేజర్ అద్దం దించి, ఎవరికోసమైనా ఎదురుచూస్తున్నారా అని మర్యాదగా అడిగాడు. మూడు నిమిషాలు అన్నాను. అర్థం కాక అద్దం ఎత్తేసుకున్నాడు. పంజాబీ అబ్బాయి ఒకడు గ్లవ్స్ తీసి జేబులో పెట్టుకున్నాడు, వాణ్ణి చూసి అందరం తీసేశాం. మూడు నిమిషాలు ఎప్పుడో దాటే ఉంటాయి, ఎవరూ టైమ్ చూడలేదు. ఆ కారు వైపర్లు మంచు తుడుస్తూనే ఉన్నాయి, మేం కదల్లేదు.